శుభలేఖ వెనక లెక్క

పోయిన వైశాఖంలో మిగిలిన శుభలేఖ.
ముందు ఒడియా, లోపల తెలుగు,
వెనక ఖాళీ.
అక్కడ రాసుకున్నాను:
ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్,
గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై.
కింద గీత. గీత కింద
పదకొండు పెళ్ళిళ్ళ డబ్బు,
అందులో రావలసినవి మూడు,
రాదని నాకు తెలిసినది ఒకటి.

పాత మిషను తలంబ్రాల దగ్గర ఆగిపోతుంది.
పెళ్ళికొడుకు చెయ్యి గాల్లో, బియ్యం గాల్లో.
నేను టీ పెట్టుకుని, తాగి,
గ్లాసు కడిగి వచ్చేసరికి
ఒక్క గింజ కిందకి దిగుంటుంది.
రాత్రి రెండర్‌కి పెట్టి పడుకుంటే
తొంభై మూడు శాతం దగ్గర కరెంటు పోతుంది.
పాతపట్నం నుంచి సైకిలు తొక్కుకుంటూ
జగ్గునాయుడు గారొస్తారు,
"మా గుంట పెళ్ళి కేసెట్టు ఏటయిందమ్మా?"
ఆయనకింకా అది కేసెట్టే.
తొంభై మూడు శాతం అయిందని ఎలా చెప్పను?

పర్లాకిమిడిలో బైరాగి మహారణా కొట్టు
నిలబడితే ఇద్దరికే చోటు.
వాళ్ళ తాత కొమ్ముతో కొంగల్ని చెక్కేవాడట.
ఇతను మదర్‌బోర్డుని అంచుల దగ్గర పట్టుకుంటాడు,
రెండే వేళ్ళతో, ఊపిరి బిగబట్టి.
"అపా, ప్రాసెసర్ మెదడు" అన్నాడు.
అది అందరూ అనే మాటే.
కాసేపటికి అసలు మాట అన్నాడు:
"పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.
ఇక్కడ కరెంటు మన మహేంద్రతనయ లాంటిది.
లేకపోతే లేదు,
వచ్చిందా, గోడ పట్టుకుపోతుంది."
ఆరువందల యాభై వాట్లు రాశాను.
డబ్బా మీద గోల్డ్ అని ఉంది.
నా చెవులకున్నవి గోల్డ్ కావు.

ర్యామంటే వంటగట్టు.
గట్టు చిన్నదైతే
పప్పు దింపితే గాని చారు ఎక్కదు.
ముప్పై రెండు రాశాను.
తమ్ముడు కేశు వేలు మాత్రం
గాజు తలుపు కేబినెట్ మీదే ఉంది,
లోపల రంగురంగుల దీపాలు.
ఒరే, రోజూ పందిళ్ళలోనే బతుకుతున్నాను,
ఇంట్లో కూడా సీరియల్ బల్బులా?
మామూలు రేకుది, ఫ్యాన్లు మూడు. అయిపోయింది.

గ్రాఫిక్స్ కార్డు పన్నెండు జీబీది.
రెండు సార్లు గీత గీసి మరీ రాశాను.
పట్టుచీర అంచు పాకినట్టు రంగు పాకాలని
ఎన్నాళ్ళ కోరిక.

ఆ బుధవారం దండాసి వచ్చాడు.
బ్యాండులో మహురి ఊదేవాడు,
నా కెమెరాకి ఎప్పుడూ అడ్డం వచ్చేవాడు.
ముందు పళ్ళు లేవిప్పుడు.
"కాశీనగరం పెళ్ళిలో తెల్లారగట్ల ఊదాను, గుర్తుందా?
అదొక్కసారి వినిపించమ్మా."

గుర్తుంది.
ఫైలు తెరిచాను.
అతని బుగ్గలు ఉబ్బుతున్నాయి,
వేళ్ళు పరిగెడుతున్నాయి,
మీద సినిమా పాట వస్తోంది.
నేనే పెట్టాను.
కింది శబ్దం ఏదీ అంటే,
డిస్కు నిండిందని
అసలు ఫుటేజీ ఆ నెలలోనే చెరిపేశాను.
అతను చివరిదాకా చూశాడు.
"వేళ్ళు బాగానే పడ్డాయి" అన్నాడు.

పన్నెండు కొట్టేశాను. ఎనిమిది.
మిగిలిన డబ్బుకి
నాలుగేసి టీబీల హార్డు డిస్కులు రెండు,
ఒకటి పోతే ఇంకోటి.
బైరాగి తల గోక్కున్నాడు,
"రంగుల దగ్గర నెమ్మదిస్తుంది అపా."
నెమ్మదించనీ.
టీ గ్లాసు కడగడం నాకు అలవాటే.

పార్శిళ్ళు పాతపట్నం అడ్రసుకొచ్చాయి,
రాష్ట్రం దాటి మోసుకొచ్చాం, పది నిమిషాలు.
బిగించాం. మీట నొక్కాం.
ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది.
కేశు నా మొహం చూశాడు.
బైరాగి ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో తుడిచి
టక్కుమనేదాకా నొక్కాడు.
"హెబ" అన్నాడు, అవుతుందని.
అయింది.

మొదటి ఫోల్డరు పేరు దండాసి.
లోపలేం లేదు.
ఆదివారం రమ్మన్నాను.
పళ్ళు లేకపోయినా ఊదుతానన్నాడు,
ఎలా వస్తుందో నాకు తెలీదు, అతనికీ తెలీదు.
మంచి మైకు ఒకటి కావాలి.
శుభలేఖ మీద చోటు లేదు.